డీజిల్ బండిలో పసుపు దీపము: పొగను శుద్ధిచేయు యంత్రముల జబ్బులు

మదనపల్లె మార్కెట్టులో టమోటా క్రేట్లు ఎత్తుకొని పుంగనూరు, పలమనేరు, మొగిలి ఘాటు, చిత్తూరుల మీదుగా చెన్నై పోవు పికప్ బండ్లను ఆ దారిన తిరుగు వారందరు ఎరుగుదురు. ఈ బండ్లలో 2020 తరువాత తయారైనవాటికి ఒక కొత్త జబ్బు కనిపించుచున్నది. ఇంజను తిరుగుచునే యుండును. చప్పుడులో తేడా యుండదు. కాని డ్రైవరు ముందున్న పలకమీద పసుపు దీపమొకటి వెలుగును. కొంత దూరము పోవుసరికి బండి బలము తగ్గి, ఎంత తొక్కినను నలుబది కిలోమీటర్ల వేగమునకు మించదు. వెనుక రెండు టన్నుల కాయ. తెల్లవారుసరికి మండీ చేరకపోయినచో ఆ కాయకు ధర పలుకదు.

అప్పుడు షెడ్డులో వినవచ్చు మాటలు సాధారణముగా రెండు. "సెన్సరు పోయిందన్నా, మార్చాల" అనునది ఒకటి. "సైలెన్సరులో ఆ డబ్బా ఉండేదాకా నీకీ బాధ తప్పదు, కోసి పారేస్తే సరి" అనునది రెండవది. మొదటి మాట ఒక్కొక్కప్పుడు నిజము కావచ్చును. రెండవది ఎప్పుడును నిజము కాదు. ఎందుకు కాదో తెలియవలెనన్న ఆ డబ్బాలో జరుగు పని ఏమో ముందు తెలిసికొనవలెను.

రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1893లో పేటెంటు పొంది, 1897లో ఆగ్స్‌బర్గు నగరములో నడిపి చూపిన ఇంజనులో నిప్పురవ్వతో పని లేదు. సిలిండరులోనికి గాలిని మాత్రమే పీల్చి, దానిని పదునారవ వంతుకో పదునెనిమిదవ వంతుకో నొక్కివేయుదురు. సైకిలు పంపు కొట్టునప్పుడు దాని అడుగు వేడెక్కునట్లే ఈ గాలియు వేడెక్కి 500 డిగ్రీలు దాటును. ఆ మండుచున్న గాలిలోనికి నూనెను సన్నని తుంపరగా చిమ్మినచో తనంతట తానే అంటుకొనును. పెట్రోలు ఇంజనులో గాలియు ఇంధనమును ముందే కలిసియుండును. డీజిలు ఇంజనులో అవి కలియుటయు మండుటయు ఒకేసారి జరుగును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

తుంపర నడుమ నూనె ఎక్కువ, గాలి తక్కువ. అక్కడ ఆమ్లజని చాలక కర్బనము కాలీకాలక మసియై నిలుచును. గాలి ఆడని కిరసనాయిలు దీపము మసి కక్కునట్లన్నమాట. తుంపర అంచున గాలి పుష్కలము. అక్కడ మంట 1500 డిగ్రీలు మించిపోవును. ఆ వేడిమికి మామూలుగా ఎవరి జోలికిని పోని నత్రజనికూడ ఆమ్లజనితో కలిసి నత్రజని ఆక్సైడులగును. మసిని తగ్గింపవలెనని గాలిని, వేడిని పెంచినచో నత్రజని ఆక్సైడులు పెరుగును. వానిని తగ్గింపవలెనని మంటను చల్లబరచినచో మసి పెరుగును. ఒకవైపు నొక్కిన రెండవవైపు ఉబ్బు గాలితిత్తి వంటిది ఈ వ్యవహారము. పసుపు దీపము వెలిగినప్పుడు ఈ ఒక్క విషయము జ్ఞాపకముంచుకొన్నచో సగము రోగనిర్ణయము జరిగినట్లే.

మసి రేణువులలో చాలవరకు మిల్లీమీటరులో పదివేలవ వంతుకన్న చిన్నవి. ముక్కు వెండ్రుకలు వానిని ఆపలేవు. ఊపిరితిత్తుల చివరి గదులవరకు పోవును. డీజిలు పొగ మనుష్యులకు క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించినది. నత్రజని ఆక్సైడుల కథ వేరు. ఇవి ఎండలో ఇతర ఆవిరులతో కలిసి ఓజోనును పుట్టించునని హాగెన్-స్మిట్ అను శాస్త్రజ్ఞుడు 1950 ప్రాంతములలో లాస్ ఏంజిలిస్ పొగమంచును పరీక్షించి కనుగొనెను. ఎండకు కరవులేని రాయలసీమకు ఇది పరాయి సంగతి కాదు. తిరుపతికి దాపుననే గాదంకిలోనున్న జాతీయ వాతావరణ పరిశోధనశాల ఇట్టి వాయువులను, ధూళికణములను పరిశీలించుచున్నది. గాలిని శుభ్రపరుపవలసిన నగరముల పట్టికలో, 2019లో మొదలైన జాతీయ కార్యక్రమము క్రింద, చిత్తూరు పట్టణముకూడ చేరినది.

ఇందుచేతనే భారత్ స్టేజి ప్రమాణములు వచ్చినవి. నాలుగవది 2017 ఏప్రిల్ 1 నుండి దేశమంతట అమలు కాగా, ఐదవదానిని దాటవేసి 2020 ఏప్రిల్ 1 నుండి ఆరవదానిని తెచ్చిరి. సరకు బండ్లలో బరువైన తరగతికి నాలుగవ ప్రమాణములో కిలోమీటరుకు 0.39 గ్రాములు నత్రజని ఆక్సైడులు విడువవచ్చును, ఆరవదానిలో 0.125 గ్రాములే. మసి 0.06 గ్రాముల నుండి 0.0045కు దిగినది, అనగా ఇంచుమించు పదమూడవ వంతు. డీజిలులోని గంధకమును పదిలక్షలకు 50 పాళ్లనుండి 10 పాళ్లకు తగ్గించిరి. ఇంజనును ఎంత చక్కదిద్దినను ఇంత తగ్గింపు సాధ్యము కాదు. పొగను బయట కడుగవలసినదే.

పొగ పోవు దారిని ఒకసారి చూతము. ఇంజను నుండి వెలువడినంతనే కొంత పొగను ఒక కవాటము వెనుకకు మరల్చి, చల్లార్చి, పీల్చుగాలిలో కలుపును. దీనిని ఇ.జి.ఆర్. అందురు. పొగలో ఆమ్లజని తక్కువగుటచేత మంట వేడి తగ్గి నత్రజని ఆక్సైడులు తక్కువగా పుట్టును. మిగిలిన పొగ ప్లాటినము, పెల్లేడియము పూసిన తేనెపట్టు వంటి గూటిలో ప్రవేశించును. ఈ ఉత్ప్రేరకము కాలని నూనె ఆవిరిని, కర్బన మోనాక్సైడును కాల్చివేయును. తరువాతిది షెడ్డువారు కోయుదమను డబ్బా: మసి వడపోత, అనగా డి.పి.ఎఫ్. ఇది పింగాణి దిమ్మె. లోపల సన్నని గొట్టములు వేలకొలది యుండును. ఒక గొట్టమునకు ముందు మూత, దాని ప్రక్కదానికి వెనుక మూత. కాబట్టి పొగ సందుల గోడలగుండ దూరి పోవలసినదే; మసి గోడమీద నిలిచిపోవును. చివరకు కొన్ని బండ్లలో యూరియా ద్రావణమును పొగలోనికి చిమ్ముదురు. వేడికి యూరియా అమ్మోనియా అగును. అమ్మోనియా నత్రజని ఆక్సైడులను మరల నత్రజనిగను నీటిగను మార్చును. మరికొన్ని చిన్న బండ్లలో యూరియా లేకయే, ఆ వాయువులను పట్టి నిలిపి అప్పుడప్పుడు విడగొట్టు ఉత్ప్రేరకముండును.

ఇప్పుడు వడపోత సంగతి కొంత లెక్కకట్టి చూడవచ్చును. వడపోత పరిమాణము 3 లీటర్లనుకొందము. లీటరుకు 5 గ్రాముల మసి నిండగానే శుభ్రము చేయవలెననుకొందము. మొత్తము 15 గ్రాములు. ఇంజను కిలోమీటరుకు 0.03 గ్రాముల మసి కక్కినచో 500 కిలోమీటర్లకు ఒకసారి నిండును. అప్పుడు ఇంజను కంప్యూటరు కొంచెము నూనెను ఆలస్యముగా చిమ్మి, ఆ నూనె ఉత్ప్రేరకములో మండునట్లు చేసి, పొగను 600 డిగ్రీలకు వేడెక్కించును. మసి కాలి బొగ్గుపులుసు వాయువై పోవును. ఈ పనికి పదిహేను ఇరువది నిముషములు ఎడతెగని పరుగు కావలెను. రోడ్డుమీద మంచి వేగముతో పోవు బండికి ఇది జరిగినట్లుకూడ తెలియదు.

చిత్తూరు సీమ బండ్లకు ఈ పరుగు దొరకుట లేదు. సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తుననున్న మదనపల్లె నుండి సరకుతో వచ్చు బండి ఘాటు దిగుచు వచ్చును. దిగునప్పుడు డ్రైవరు కాలు తీసినచో నూనె చిమ్ముట ఆగిపోయి, చల్లని గాలి మాత్రమే పొగగొట్టములో పోవును. ఎక్కునప్పుడు ఇంజనుకు కష్టము కలిగి పొగ వేడెక్కవలెను గాని, అప్పుడు బండి ఖాళీ! మామిడికాయ సీజనులో చిత్తూరు, బంగారుపాళెము ప్రాంతముల గుజ్జు ఫ్యాక్టరీల ముందు వరుసలో నిలిచి, అడుగడుగునకు స్టార్టు చేయుచు ముందుకు జరుగు బండ్ల గతి ఇంకను అన్యాయము. గంటల తరబడి ఊరక తిరుగు ఇంజను పొగ 200 డిగ్రీలైనను చేరదు. మసి చేరుచుండును, కాలుట యుండదు. కంప్యూటరు కాల్చుటకు మొదలుపెట్టును; డ్రైవరు ఇంజను ఆపును; మరల మొదలు. ఇట్లు సగములో ఆగిన ప్రతిసారియు ఆలస్యముగా చిమ్మిన నూనె కొంత సిలిండరు గోడలవెంట దిగి ఇంజను ఆయిలులో కలియును. అందుచేత ఆయిలు పుల్లమీద మట్టము తగ్గుటకు మారుగా పెరిగినచో సంతోషింప పనిలేదు. పలుచనైన ఆయిలు బేరింగులను తినివేయును. దీపము వెలిగిన బండిలో మొట్టమొదట చూడదగినది ఈ పుల్ల. దీనికి కానీ ఖర్చు లేదు.

తరువాత కోడు చదువవలెను. స్టీరింగు క్రింది సాకెట్టుకు పరికరము తగిలించినచో పి2463, పి0401, పి20ఈఈ వంటి గుర్తులు కనిపించును. మొదటిది వడపోతలో మసి ఎక్కువైనదనియు, రెండవది వెనుకకు మరలు పొగ చాలదనియు, మూడవది యూరియా ఉత్ప్రేరకము తగినంత పని చేయుట లేదనియు చెప్పును. అంతవరకే. జ్వరమున్నదని థర్మామీటరు చెప్పును గాని మలేరియాయో టైఫాయిడో చెప్పదు. పి2463 చూచి వడపోత మార్చుట, జ్వరము చూచి మనిషిని మార్చుట వంటిది.

వడపోతకు ముందొకటి, వెనుకొకటి సన్నని గొట్టములు వచ్చి ఒక పీడన సెన్సరులో కలియును. రెండువైపుల పీడనముల తేడానుబట్టి ఎంత మసి నిండినదో కంప్యూటరు ఊహించును. కాబట్టి ముందు సెన్సరు మాట నమ్మదగినదో కాదో తేల్చవలెను. ఇంజను ఆపి, తాళము మాత్రము తిప్పి చూడవలెను. పొగ కదలుట లేదు గనుక తేడా సున్న కావలెను. సున్న కాకున్నచో సెన్సరే అబద్ధమాడుచున్నది. సున్నయే యున్నచో ఇంజను నడిపి, వేగమును మెల్లగా పెంచవలెను. పొగ ప్రవాహము పెరిగినకొలది తేడా క్రమముగా పెరుగవలెను. ఎంత వేగములోను సున్నయే చూపినచో గొట్టము ఊడియైన నుండవలెను, లేదా లోపల పింగాణి పగిలియైన నుండవలెను. ఈ రెంటిలో ఏదో తెలియుటకు పొగగొట్టము చివర లోపల తెల్లగుడ్డతో తుడిచిన చాలును. వడపోత బాగున్న బండిలో గుడ్డకు నల్లదనము అంటదు. గుడ్డ మసిబారినచో వడపోత లేనట్లే.

సెన్సరు నిజమే చెప్పుచున్నది, మసి నిజముగానే నిండినది అనుకొందము. ఇప్పుడు అడుగవలసినది "ఎందుకు నిండినది?" అని. ఇదివరకు ఎన్ని కిలోమీటర్లకొకసారి శుభ్రమగుచుండెనో పరికరములో దొరకును. పైలెక్కలో 500 అనుకొన్నాము. అది 200కు దిగినచో వడపోత నేరము లేదు. ఇంజను రెట్టింపునకు మించి మసి కక్కుచున్నది. అప్పుడు ముందుకు పోయి వెదుకవలెను: మట్టి పట్టిన ఎయిర్ ఫిల్టరు, టర్బో నుండి వచ్చు రబ్బరు గొట్టములో చీలిక, నూనె కారు ఇంజెక్టరు, తెరచుకొని బిగిసిపోయిన ఇ.జి.ఆర్. కవాటము. మన పల్లెదారుల ఎఱ్ఱమట్టి దుమ్ములో వీనిలో మొదటిదే తరచు కారణమగుట వింత కాదు.

ఇ.జి.ఆర్. కవాటమునకు రెండు విధముల జబ్బు. తెరచుకొని బిగిసినచో ఇంజనుకు గాలి చాలక నల్లపొగ, బలహీనత, వణుకు కనిపించును. మూసుకొని బిగిసినచో డ్రైవరుకు ఏమియు తెలియదు. బండి ఇంకను చురుకుగా కూడ తోచును. నత్రజని ఆక్సైడులు మాత్రము పెరిగిపోవును. పొల్యూషన్ సర్టిఫికెట్టు పరీక్షలో డీజిలు బండి పొగ చిక్కదనమునే కొలుతురు గాని ఈ వాయువులను కొలువరు. కాబట్టి కవాటమునకు రేకు బిగించిన బండి ఆ పరీక్షలో నెగ్గును. ఇట్టి మోసము చిన్న షెడ్డులకే పరిమితము కాదు. పరీక్షశాలలో ఒక తీరున, రోడ్డుమీద మరియొక తీరున నడచు ప్రోగ్రాము తన కార్లలో పెట్టినట్లు 2015లో ఫోక్స్‌వాగన్ కంపెనీయే ఒప్పుకొనవలసి వచ్చినది.

కవాటము కదలుచున్నదో లేదో గాలి మీటరు చెప్పగలదు. 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒక సిలిండరు ఒక పీల్పుకు 625 ఘనపు సెంటీమీటర్ల గాలి తీసికొనవలెను. వేడిదినమున దాని బరువు సుమారు 0.7 గ్రాము, నష్టములు పోగా 0.6 గ్రాము రావచ్చును. కవాటము తెరచినప్పుడు సిలిండరులో కొంత చోటు పొగ ఆక్రమించును గనుక ఈ అంకె బాగుగా తగ్గవలెను. మూసినప్పుడు తిరిగి పెరుగవలెను. రెండు స్థితులలోను అంకె మారకున్నచో కవాటము కదలుట లేదు. ఎప్పుడును తక్కువే చూపినచో మీటరు తీగకు మట్టి పట్టియుండవచ్చును. ఒక జాగ్రత్త: మదనపల్లె ఎత్తులో గాలి చెన్నైలోకన్న నూటికి ఎనిమిది పాళ్లు పలుచన. చెన్నై బండి అంకెలను మదనపల్లె బండిలో వెదకి సెన్సరు మార్చినచో డబ్బు దండుగ.

యూరియా ద్రావణము విషయమున మన రైతుబిడ్డలకు వచ్చు ఆలోచన సహజమైనదే: "ఇంటిలో బస్తా ఉన్నది, బోరులో నీళ్లున్నవి, కొనుటెందుకు?" పాళ్లు కలుపుటకూడ కష్టము కాదు. నూటికి 32.5 పాళ్లు యూరియా, తక్కినది నీరు. ఆ పాళ్లలోనే ద్రావణము అన్నిటికన్న ఆలస్యముగా, అనగా సున్నకు దిగువ 11 డిగ్రీలవద్ద గడ్డకట్టును గనుక చలిదేశములవారు ఆ లెక్క నిర్ణయించిరి. కాని మన దేశములో 2015 నుండి పొలము యూరియాకంతటికి వేపనూనె పట్టించుచున్నారు. భూమిలో నత్రజని నెమ్మదిగా విడుదలగుటకు అది మంచిదే. ఉత్ప్రేరకమునకు అది జిడ్డు. బోరునీటిలోని సున్నము, మెగ్నీషియము ఉత్ప్రేరకమును కప్పివేయును. ఒకసారి పాడైన ఉత్ప్రేరకము కడిగినను బాగుపడదు. సబ్సిడీ యూరియాను ఇతర పనులకు మరల్చుట నేరముకూడ.

కొన్న ద్రావణముకూడ మన ఎండకు చెడును. 25 డిగ్రీల చల్లదనములో పదునెనిమిది నెలలు నిలుచునది 35 డిగ్రీలలో ఆరు నెలలే నిలుచునని ప్రమాణములు చెప్పుచున్నవి. మే నెలలో రేకుల షెడ్డులో పెట్టిన డబ్బా సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. అందుచేత పి20ఈఈ కనిపించినప్పుడు ఉత్ప్రేరకమును అనుమానించుటకు ముందు ట్యాంకులోని ద్రావణమును వక్రీభవన మాపకముతో చూచి 32.5 వచ్చుచున్నదో లేదో తెలిసికొనవలెను. పిమ్మట చిమ్ము నాజిలు మూతివద్ద తెల్లని ఉప్పు వంటి గడ్డలున్నవేమో చూడవలెను. పొగ 200 డిగ్రీలకు చేరని బండిలో యూరియా అమ్మోనియాగా మారక ఇట్లు పేరుకొనును. చూడగా, ఇచ్చటను అసలు జబ్బు చల్లని పొగయే.

ఎంత బాగుగా నడిచిన బండిలోనైనను వడపోతకు ఒక ముసలితనము కలదు. మసి కాలును గాని బూడిద కాలదు. ఇంజను ఆయిలులో కలుపు కాల్షియము, జింకు, భాస్వరములు బూడిదయై గొట్టముల చివర చేరుచుండును. దీనిని కనుగొను పరీక్ష తేలిక. షెడ్డులో బండిని నిలిపి పరికరముతో మసిని కాల్పించి, ముందు వెనుకల పీడనపు తేడా చూడవలెను. తేడా బాగుగా దిగినచో అది మసి. కాల్పు పూర్తియైనను దిగనిచో అది బూడిద. అప్పుడు వడపోతను ఊడదీసి, వెనుకనుండి ముందుకు గాలి కొట్టి శుభ్రము చేయువారికి ఇయ్యవలెను. ఆమ్లముతో కడుగుటవలన లోపలి ప్లాటినపు పూత కొట్టుకొనిపోవును. బూడిద తక్కువ ఇచ్చు ఆయిలును బండి పుస్తకములో చెప్పినట్లే వాడినచో ఈ ముసలితనము లక్షకు మించిన కిలోమీటర్లవరకు దూరముగా నుండును. ఇట్లు నిలిపి కాల్పించునప్పుడు క్రింద వేరుసెనగ కట్టె, వరిగడ్డి లేకుండ చూచుకొనవలెను; పొగగొట్టపు వేడికి అవి అంటుకొనును.

డబ్బా కోసి, కంప్యూటరు నోరు నొక్కిన బండి కొన్నాళ్లు హాయిగా తిరుగును. నూనె కారుచున్న ఇంజెక్టరు అట్లే కారుచుండును; చీలిన గొట్టము అట్లే యుండును; వానిని పట్టియిచ్చు దీపమొక్కటే పోయినది. మోటారు వాహనముల చట్టమునుబట్టి పొగ ప్రమాణములను మీరి నడపిన బండికి పదివేల రూపాయలవరకు జరిమానా, మూడు నెలలవరకు ఖైదు విధింపవచ్చును. ఇక పొగ మొదట చేరునది ఆ బండి వెనుక నిలిచి క్రేట్లు దింపు హమాలీల ఊపిరితిత్తులలోనికే.

షెడ్డుకు పోవుటకు ముందు దీపము ఆర్పుటకై బ్యాటరీ తీగ విప్పుట, కోడు చెరిపివేయుట ఇప్పుడు వాడుకయైనది. దోషము కనిపించిన క్షణమున ఇంజను వేడి, వేగము, బరువు, పీడనము ఎంతెంత యుండెనో కంప్యూటరు వ్రాసిపెట్టుకొనును. కోడుతోపాటు ఆ వ్రాతయు చెరగిపోవును. ఘాటు దిగునప్పుడు వచ్చినదో, ఫ్యాక్టరీ ముందు నిలిచినప్పుడు వచ్చినదో చెప్పగల సాక్షి అది యొక్కటే. మరమ్మతు అయిన తరువాతకూడ దీపము ఆరినంతమాత్రమున పని ముగియదు. కంప్యూటరు తన పరీక్షలన్నియు మరల చేసికొనుటకు బండి చల్లగా స్టార్టయి, వేడెక్కి, నాలుగు వరుసల బాటపై అరగంటయైన నిలుకడగా పరుగెత్తవలెను. చిత్తూరు నుండి తిరుపతికి ఒకసారి సరకుతో పోయివచ్చినచో చాలును.